పాలపొడి డబ్బా, గురువారం కిస్తీ: బరంపురం నుంచి ఒక కేసు

కుటుంబ సలహా, న్యాయ సహాయం పనిలో ఉన్నవాళ్ల కోసం రాస్తున్న కేసు ఇది. మనుషుల వయసులు, పని, రుణాల మొత్తాలు, వీధి ఆనవాళ్లు మార్చాం. ఏ రోజు డబ్బు వచ్చింది, ఏ రోజు పోయింది అన్న వరస మాత్రం మార్చలేదు. కేసంతా ఆ వరసలోనే ఉంది.

నేపథ్యం

గంజాం జిల్లా బరంపురంలో అద్దెకుంటున్న తెలుగు కుటుంబం. భర్త సూరత్ మరమగ్గాల్లో పనిచేస్తాడు. గంజాం నుంచి సూరత్‌కు వెళ్లే దారి ఇక్కడి ఇళ్లకు కొత్త కాదు, తండ్రి వెళ్లిన చోటికే కొడుకూ వెళ్తాడు. ఇంట్లో ఆమె, అత్త, ఏడేళ్ల పాప, పద్నాలుగు నెలల బాబు. ఆమె మిషన్ మీద చీరలకు ఫాల్, పికో కుడుతుంది. పనిచ్చే దుకాణం ప్రతి శనివారం లెక్క చూసి డబ్బిస్తుంది. అత్తవారిది ఇచ్ఛాపురం అవతలి పల్లె. రేషన్ కార్డు, ఆధార్ అడ్రసు శ్రీకాకుళం జిల్లావి, కాపురం ఒడిశాలో. ఇలా రెండు రాష్ట్రాల్లో కాలు పెట్టి బతికే కుటుంబానికి ఏ పథకం కాగితమైనా ఒక మెట్టు ఎక్కువే.

భర్త నెలకు 9,000 దాకా పంపేవాడు. మీటరు లెక్కన కూలి కాబట్టి, మగ్గాలు తక్కువ నడిచిన నెలల్లో అది 5,000కు పడిపోయింది. కుట్టుపని మీద వచ్చేది సుమారు 3,000. అంటే 12,000 ఇల్లు 8,000 ఇల్లయింది. అప్పులు మాత్రం 12,000 నాటివి.

వచ్చిన సమస్య

ఒక గురువారం సాయంత్రం, మనమే సామాను ఏరుకునే పెద్ద దుకాణంలో ఆమెను పట్టుకున్నారు. సంచి అడుగున 400 గ్రాముల పాలపొడి డబ్బా, ఒక స్నానం సబ్బు, చిన్న కొబ్బరినూనె సీసా. అన్నీ కలిపి 612 రూపాయలు. అదే సంచిలో పైన కందిపప్పు, బంగాళాదుంపలు ఉన్నాయి, వాటికి 140 రూపాయల బిల్లు కట్టి ఉంది. సామాను వెనక్కి తీసుకుని, వెనక గదిలో మూడు గంటలు కూర్చోబెట్టారు, ఫోన్ లాక్కున్నారు. సీసీ కెమెరాలో ఇంకో రెండు తేదీలు దొరికాయంటూ 15,000 కట్టమన్నారు, లేకపోతే ఫోటో వాట్సాప్‌లో పెడతామన్నారు. ఒడియాలో రాసిన కాగితం మీద సంతకం పెట్టించారు. ఆమె ఒడియా మాట్లాడగలదు, చదవలేదు.

మర్నాడు పక్కింటావిడ ఆమెను మా దగ్గరికి వెంటబెట్టుకుని వచ్చింది.

మొదటి నిర్ణయం: ముందు ప్రాణం, తర్వాత కాగితం

పట్టుబడ్డ రాత్రి, ఆ తర్వాతి రెండు మూడు రోజులు ప్రమాదకరమైనవి, అందులోనూ ఫోటో బయటపెడతామన్న బెదిరింపు ఉన్నప్పుడు. అందుకని దుకాణం సంగతి ఎత్తకముందే సూటిగా అడగాలి: "చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా?" డొంకతిరుగుడుగా అడిగితే జవాబూ డొంకతిరుగుడుగానే వస్తుంది. ఆమె ఔనంది, ఎలాగన్న ఆలోచన మాత్రం లేదంది. ఆ వారం పక్కింటావిడ రాత్రిళ్లు తోడు పడుకునేలా ఒప్పించాం, ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ 14416కు అక్కడి నుంచే ఫోన్ కలిపి తెలుగులో మాట్లాడించాం. నంబరు చీటీ మీద రాసిచ్చి పంపితే ఎవరూ ఫోన్ చేయరు, మన ఎదుటే కలపాలి.

రెండో నిర్ణయం: ఏ సెక్షన్

2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో ఉన్న భారతీయ న్యాయ సంహితలో దొంగతనానికి శిక్ష 303(2). సొత్తు విలువ 5,000 లోపు ఉండి, మొదటిసారి శిక్ష పడుతున్న మనిషై, వస్తువు గానీ దాని విలువ గానీ తిరిగిచ్చేస్తే శిక్ష సమాజసేవే. అప్పుడది బెయిలు హక్కుగా దొరికే నేరం, మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేని నేరం. ఇంతవరకు చూసి ఊపిరి పీల్చుకోకూడదు. పక్కనే 305 ఉంది: నివాసానికో, వస్తువులు భద్రపరచడానికో వాడే కట్టడంలో దొంగతనం. దానికి ఏడేళ్ల దాకా శిక్ష, 5,000 లోపు అన్న వెసులుబాటు అందులో లేదు. దుకాణాన్ని ఆ కోవలోకి లాగితే 612 రూపాయల కేసు స్వరూపమే మారిపోతుంది. కాబట్టి ఫిర్యాదు వెళ్లిందా, వెళితే ఏ మాటలతో వెళ్లింది అన్నది మొదట తెలుసుకోవాలి. ఇక్కడ ఇంకా వెళ్లలేదు.

సమాజసేవ తేలికైన శిక్షే, అయినా అది నేర నిర్ధారణే. రెండోసారి శిక్ష పడితే ఏడాదికి తగ్గని కఠిన కారాగారం. అందుకే కోర్టు గడప తొక్కకముందే ముగించాలని, దానికంటే ముఖ్యంగా రెండోసారి జరగనివ్వకూడదని అనుకున్నాం.

దుకాణానికీ ఇబ్బంది ఉంది. ఇలాంటి సందర్భంలో మామూలు మనిషి ఇంకొకరిని పట్టి ఉంచగలిగేది బెయిలు హక్కు లేని, పోలీసులు నేరుగా చేపట్టగల నేరం కళ్లెదుట జరిగినప్పుడే. అప్పుడైనా జాప్యం లేకుండా, ఆరు గంటల లోపు పోలీసులకు అప్పగించాలి. డబ్బు గుంజడానికి గదిలో కూర్చోబెట్టడం అక్రమ నిర్బంధం, 127(7) కింద మూడేళ్ల దాకా శిక్ష ఉన్న నేరం. ఈ మాట బెదిరింపుగా వాడితే దుకాణం లాయరును పెట్టుకుంటుంది, కేసు బిగుసుకుంటుంది. ఒకే వాక్యంలో చెప్పి వదిలేశాం.

రాజీ కాగితం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువ కేసులు ఇక్కడే చెడిపోతున్నాయి. 303(2) దొంగతనంలో రాజీపడే హక్కు సొత్తు యజమానిది. ఫ్లోర్ మేనేజరు సంతకం చాలదు, యజమాని గానీ యజమాని రాసిచ్చిన అధికారపత్రం ఉన్న మనిషి గానీ పెట్టాలి. కాగితం ఒడియాలోనూ తెలుగులోనూ ఉండాలి. అందులో "నేను ఫలానా తేదీల్లో దొంగిలించాను" అన్న వాక్యం ఉండకూడదు. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు గానీ, బయటి మనుషుల ముందు రాసిచ్చినదాన్ని కోర్టు చూడొచ్చు. అందుకే పాత సంతకం కాగితం అసలు ప్రతి వెనక్కి తీసుకోవడం తప్పనిసరి. పాత తేదీల్లో ఆమె తీసుకున్నానని చెప్పిన వస్తువుల ధర 780 కట్టి రసీదు తీసుకుంది. 15,000 ప్రస్తావన మళ్లీ రాలేదు. ఫోటో, వీడియో ఎవరికీ పంపబోమని యజమాని రాసిచ్చారు.

ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్‌లో ఉంది. 15100కు ఫోన్ చేసినా, జిల్లా న్యాయ సేవల సంస్థకు వెళ్లినా దొరుకుతుంది. కాగితం ముసాయిదా అక్కడి వకీలే చూశారు.

ఏ రకం దొంగతనం

అవసరం కోసం చేసే దొంగతనం, అమ్ముకోవడానికి చేసేది, ఇంకొకరి ఒత్తిడి మీద చేసేది, మానసిక జబ్బుతో చేసేది పైకి ఒకేలా కనిపిస్తాయి. నాలుగింటికీ మందు వేరు. దీన్ని తేల్చడానికి ఉపన్యాసాలు అక్కర్లేదు, వస్తువుల జాబితా చాలు. అమ్ముకునేవాళ్ల సంచిలో ఒకే రకం వస్తువులు మూడో నాలుగో ఉంటాయి. క్లెప్టోమేనియాలో (దొంగతనం చేయకుండా ఆగలేని మానసిక జబ్బు) తీసుకున్నదానితో అవసరం ఉండదు, తీసే ముందు ఉద్రిక్తత, తీశాక ఊరట ఉంటాయి, పైగా అది చాలా అరుదు. ఇక్కడ ఒక డబ్బా, ఒక సబ్బు, ఒక సీసా. ఇంట్లో అడిగితే మూడూ ఆ వారం అయిపోయిన వస్తువులే. పక్కనే బిల్లు కట్టిన పప్పు. ఉన్నంత కట్టి, లేనిది దాచింది.

ఏం చేశాం, ఏది నిలవలేదు

క్షమాపణ, ఇక చేయనని మాట, కౌన్సెలింగ్. ఆమె మనస్ఫూర్తిగానే మాటిచ్చింది. కొన్ని వారాలకు వేరే దుకాణంలో మళ్లీ ఒక డబ్బా తీసింది. పట్టుబడలేదు, తానే వచ్చి చెప్పింది. మాట తీసుకోవడం ఆమె బుద్ధికి సంబంధించింది, ఆమె బుద్ధిలో లోపమేమీ లేదు. కిస్తీ కట్టాక డబ్బుల్లేని గురువారం అలాగే ఉంది.

సరుకుల కిట్టు. పది కిలోల బియ్యం, పప్పు, నూనె ఇప్పించాం. సహాయంలో సగం అత్త పల్లెకు పంపింది, బియ్యం కొంత అమ్మి కిస్తీ కట్టారు. ఇది చూసి "ఇచ్చినా నిలుపుకోలేదు" అనేవాళ్లుంటారు. అది అన్యాయమైన మాట. ఆ ఇంట్లో లోటు బియ్యానిది కాదు. సబ్బు, పాలు, మందులు వంటి రొక్కంతోనే కొనాల్సిన వాటిది. ఇంట్లోకి వచ్చిన ఏ సాయమైనా ముందు అందరికీ కనిపించే అప్పు వైపే పోతుంది.

పాత అప్పులు తీర్చడానికి పెద్ద కొత్త లోను. ఇది బంధువుల సలహా. వద్దన్నాం. వారం కిస్తీ మరో వారం కిస్తీగా మారుతుంది, మొత్తం పెరుగుతుంది. పొదుపు సంఘం దారి మంచిదే గానీ, కొత్త సంఘానికి బ్యాంకు లింకేజీ (సంఘం పేరు మీద బ్యాంకు లోను) దొరకాలంటే కనీసం ఆరు నెలలు పొదుపు నడవాలి. వచ్చే గురువారానికి అది పనికిరాదు.

క్యాలెండరు వేయడం

అప్పుడు చేసిన పని ఇదీ. పాత గోడ క్యాలెండరు ఒకటి తీసుకుని, నాలుగు వారాల మీద వచ్చే డబ్బు ఆకుపచ్చతో, పోయే డబ్బు ఎర్రతో ఆమె చేతనే రాయించాం. నెల మొత్తాలు రాయిస్తే ఈ సంగతి బయటపడదు, తేదీలు రాయాలి.

మొదటి గ్రూపు లోను (మైక్రోఫైనాన్స్ సంస్థ ఆడవాళ్ల గ్రూపు ద్వారా ఇచ్చే అప్పు) 40,000, పదిహేను రోజులకోసారి గురువారం 980. రెండో గ్రూపు లోను 30,000, ప్రతి మంగళవారం 660. ఇవి కాక వీధి వడ్డీవ్యాపారి దగ్గర 5,000 అని రాయించుకుని చేతికి 4,500 ఇచ్చిన రోజువారీ అప్పు, రోజుకు 100 చొప్పున యాభై రోజులు. నాలుగు వారాలకు 1,960, 2,640, 2,800. అంతా 7,400. వచ్చేది 8,000. మిగిలిన 600లో అద్దె 1,500 ఎలా కడతారు? కట్టలేదు, రెండు నెలలు బాకీ.

గమనించాల్సింది ఇంకొకటుంది. 2022లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన మైక్రోఫైనాన్స్ ఆదేశాల ప్రకారం ఇంటి నెల ఆదాయంలో సగానికి మించి కిస్తీలు ఉండకూడదు. లోన్లు ఇచ్చేనాటికి ఆదాయం 12,000, రెండు గ్రూపు లోన్ల కిస్తీలు నెలకు సగటున 5,000 లోపే. నిబంధన ఎక్కడా తప్పలేదు. ఆదాయం 8,000కు పడ్డాక అదే నిబంధన కింద 4,000 దాటకూడదు, కానీ ఆ లెక్క లోను ఇచ్చేటప్పుడే చూస్తారు. వీధి అప్పు ఆ లెక్కలోకే రాదు.

ఇక తేదీలు. శనివారం కుట్టు డబ్బు సుమారు 750. ఆదివారం, సోమవారం ఇంటి ఖర్చు, మంగళవారం 660. భర్త డబ్బు పదో తేదీ దాటాకే, వచ్చింది వచ్చినట్టు వీధి అప్పుకూ రెండో వారం కిస్తీకీ. ఆ డబ్బు అయిపోయాక వచ్చే గురువారం 980 కోసం చేబదులు, అద్దె డబ్బు, పాప ఫీజు డబ్బు అన్నీ ఊడ్చేస్తే తప్ప నిండదు. ఆ సాయంత్రం నుంచి శనివారం దాకా ఇంట్లో రూపాయి ఉండదు. దుకాణం చూపించిన రెండు పాత తేదీలు, పట్టుబడ్డ రోజు, తర్వాత ఆమె చెప్పిన రోజు క్యాలెండరు మీద పెట్టి చూశాం. నాలుగూ పెద్ద కిస్తీ కట్టిన గురువారమో, మర్నాటి శుక్రవారమో.

కిస్తీ ఎందుకు ఆపలేదని అడిగితే ఆమె చెప్పిన మాట: "కిస్తీ తప్పితే మీటింగులో పదిమంది సూస్తారు, నా బాకీ ఆళ్ల మీద పడతాది. ఇదైతే ఎవులూ సూడరనుకున్నాను." పేదరికానికీ ఈ చిన్న దొంగతనాలకీ మధ్య ఉన్న ముడి మాకు ఇక్కడే దొరికింది. డబ్బు తక్కువైన ప్రతి ఇంటివాళ్లూ దొంగతనం చేయరు, చాలామంది అసలే చేయరు. పదిమంది ముందు తప్పలేని బాకీ ఒకటి, ఎవరినీ అడగలేని అవసరం ఒకటి ఒకే రోజున పడి, అప్పు పెట్టేవాడు కూడా లేకపోతే అప్పుడు సంచి అడుగున డబ్బా చేరుతుంది.

అప్పు పెట్టేవాడి సంగతి ఇదీ. అంతకు ముందు దాకా వీధి చివర కిరాణా కొట్టులో ఆమెకు ఖాతా ఉండేది. 2,300 పేరుకుపోయాక కొట్టతను ఖాతా ఆపేశాడు. మొహం చెల్లక ఆమె ఆ వీధి దాటి పెద్ద దుకాణానికి వెళ్లడం మొదలుపెట్టింది. ఖాతా ఉన్న చోట చేతిలో డబ్బు లేకపోతే పుస్తకంలో బాకీగా రాసుకుంటారు. అలమారాలోంచి మనమే తీసుకునే దుకాణంలో బాకీ రాసుకునే పుస్తకమే లేదు. అలాంటి దుకాణాలు పెరిగిన ఊళ్లలో పనిచేసేవాళ్లు కిరాణా ఖాతా ఎప్పుడు ఆగిందో తప్పక అడగాలి.

ఏది పనిచేసింది

అన్నిటికంటే ముందు పనిచేసింది ఖర్చులేని చిన్న మార్పు. కుట్టుపని ఇచ్చే దుకాణాన్ని శనివారం డబ్బులో సగం బుధవారమే ఇమ్మని అడిగాం. అప్పు తేదీ మార్చాలంటే హెడ్డాఫీసు దాకా వెళ్లాలి, ఆదాయం తేదీ మార్చడానికి ఒక మనిషి సరేనంటే చాలు. కారణం చెప్పనక్కర్లేదు, "బుధవారం సగం, శనివారం సగం" అని అడిగితే సరిపోయింది.

రెండోది ఖాతా. కొట్టతనికి పాత బాకీ కింద 500 కట్టించి, కొత్త షరతు పెట్టించాం: గురువారం, శుక్రవారం మాత్రమే, 300కు మించకుండా, శనివారం తీర్చేయాలి. మిగతా 1,800 నెలకు 200. హద్దు రాసి ఉండటం వల్లే అతను ఒప్పుకున్నాడు.

మూడోది పాల డబ్బా. ఇది డబ్బు సమస్య మాత్రమే కాదు. బాబుకు రొమ్ముపాలు చాలడం లేదని ఏడో నెలలో ఎవరో రాసిచ్చిన డబ్బానే పద్నాలుగో నెలలోనూ కొనసాగిస్తున్నారు. డబ్బా ఎక్కువ రోజులు రావాలని, కొలతకు పోయాల్సిన నీళ్లకు దాదాపు రెట్టింపు పోస్తున్నారు. పొట్ట నిండుతుంది, ఒంటికి పట్టదు. ఆశా కార్యకర్త దండచుట్టు (పై చేయి చుట్టుకొలత) టేపుతో కొలిస్తే 12.2 సెంటీమీటర్లు వచ్చింది. 12.5 లోపు మధ్యస్థ పోషకాహార లోపం, 11.5 లోపైతే తీవ్రం, వెంటనే ఆసుపత్రి. పిల్లల డాక్టరు చూసి, ఏడాది దాటిన బిడ్డకు ఈ డబ్బా అక్కర్లేదని, రొమ్ముపాలు ఆపకుండా మామూలు పాలు కాచి ఇవ్వమని, ఇంట్లో వండిందే మెత్తగా, నూనె చుక్క వేసి, రోజుకు నాలుగైదుసార్లు తినిపించమని చెప్పారు. అత్తకు ఎదురుగా చెప్పించడం ముఖ్యం. డబ్బా మానేయడం పిసినారితనమని అనుకునేది ఆవిడే. అంగన్‌వాడీలో పేరు రాయిస్తే ఛతువా (చిన్నపిల్లలకిచ్చే పోషకాహార పిండి) పొట్లాలు ఇంటికి వస్తాయి. అద్దె ఇల్లు మారినప్పుడు పేరు పడలేదు. ఆధార్ ఆంధ్రాదైనా బిడ్డ ఉండేది ఆ కేంద్రం పరిధిలోనే అని వార్డు సూపర్‌వైజరుకు రాతపూర్వకంగా ఇచ్చాక నమోదైంది.

నాలుగోది వీధి అప్పు. చీటీల ప్రకారం 3,100 కట్టేసింది, ఇంకా 1,900. ఒడిశాలో వడ్డీవ్యాపారం చేయాలంటే 1939 నాటి చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. అది ఉందా అని ఆమె మరిది ఆ వ్యాపారిని నెమ్మదిగా అడిగాడు. రోజుకు 100 కాస్తా శనివారం 300 అయింది. ఏడో వారానికల్లా తీరిపోతుంది.

గ్రూపు లోన్లు చివరికి పెట్టుకున్నాం, జాప్యం అక్కడే ఎక్కువ. తిరిగి చెల్లించడంలో ఇబ్బంది పడే రుణగ్రహీతలను గుర్తించి, వాళ్లతో మాట్లాడి, దారి చూపే ఏర్పాటు ప్రతి సంస్థకూ ఉండాలని అదే 2022 ఆదేశాల్లో ఉంది. దాన్ని ఉటంకిస్తూ, ఆదాయం తగ్గిన రుజువుగా భర్త పంపిన డబ్బుల బ్యాంకు స్టేట్‌మెంటు ఆరు నెలలది జతచేసి, రెండు బ్రాంచీలకూ అర్జీ పెట్టి, అందినట్టు ముద్ర వేయించుకున్నాం. ముద్ర లేని అర్జీ ఎవరూ వెతకరు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే, లేదా జవాబు సరిగా లేకపోతే ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లొచ్చు, సమాచారానికి 14448. వారం లోనును గడువు పెంచి 420కి తగ్గించారు. పెద్ద లోను సంస్థ ఒప్పుకోలేదు, 980 అలాగే ఉంది. బుధవారం సగం డబ్బు, గురువారం ఖాతా ఉన్నాయి కాబట్టి దాన్ని అలాగే వదిలేశాం.

ఆమెకు ఇంకో సంగతీ చెప్పాం: ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు ఫోన్ల మీద ఫోన్లు చేయడం, బూతులు తిట్టడం, పేరు బయటపెట్టడం, బంధువులను వేధించడం ఆ ఆదేశాల్లోనే నిషేధం. కిస్తీ ఒకసారి తప్పితే ఏమవుతుందో ముందే తెలిసిన మనిషికి గురువారం అంత భయంకరంగా కనిపించదు.

రేషన్ సంగతి తొందరగా తేలింది. ఒకే దేశం ఒకే కార్డు కింద శ్రీకాకుళం కార్డు బియ్యం బరంపురంలోనూ వేలిముద్రతో ఇస్తారు. ఆమె పేరు, పిల్లల పేర్లు కార్డులో చేర్చడానికి మాత్రం ఆ పల్లె సచివాలయానికే వెళ్లాల్సి వచ్చింది. సుభద్ర పథకం ఒడిశా నివాసులైన 21 నుంచి 60 ఏళ్ల ఆడవాళ్లకు, ఏడాదికి రెండు విడతలుగా 10,000. ఆమె అడ్రసు మారితే గానీ అర్హత రుజువు కాదు. అడ్రసు మార్పుకు కాగితాలు పెట్టించాం, కానీ ఆ డబ్బును క్యాలెండరులో ఆకుపచ్చతో రాయనివ్వలేదు. చేతికి రాని డబ్బును లెక్కలో వేసుకుని కొత్త బాకీ చేయడం ఈ ఇళ్లలో మళ్లీ మళ్లీ చూస్తున్నాం.

ఇప్పటి పరిస్థితి

ఆర్నెల్ల దాకా క్యాలెండరు చూస్తూ వచ్చాం. మళ్లీ దొంగతనం జరగలేదని ఆమె చెబుతోంది. ఆమె మాట ఒక్కటే ఆధారం కాదు, గురువారం ఖాతా పుస్తకంలో డబ్బాకు బదులు పాల ప్యాకెట్లు, సబ్బులు కనిపిస్తున్నాయి, శనివారం కొట్టివేతలూ ఉన్నాయి. రెండుసార్లు శనివారం తీర్చలేకపోయింది, కొట్టతను సోమవారం దాకా ఆగాడు. బాబు దండచుట్టు 12.9కి వచ్చింది.

అద్దె బాకీ ఒక నెలది ఇంకా ఉంది. పెద్ద లోను మరో పద్నాలుగు నెలలు నడుస్తుంది, అందాకా పదో తేదీకి భర్త డబ్బు రాకపోతే ఆమె ఆ రోజే వచ్చి చెప్పాలని, మేము ఆ నెల గురువారాలను ముందే చూసుకోవాలని అనుకున్నాం. ఇలాంటి కేసు కొత్తగా వచ్చినప్పుడు ఫారం మొదటి పేజీలో ఇప్పుడు మూడు గళ్లు చేర్చాం: పట్టుబడ్డ వారం ఏ కిస్తీ కట్టారు, తర్వాతి డబ్బు ఏ రోజు వస్తుంది, కిరాణా ఖాతా ఎప్పటి నుంచి లేదు. "ఎందుకు చేశావు" అన్న గడి తీసేశాం.